తృప్తి భోజనశాలలో నలభై ఆరు భోజనాలు

మా బావకి నలభై ఎనిమిదో ఏట క్రెడిట్ కార్డు వచ్చింది. ఆ వయసులో కొందరికి బీపీ వస్తుంది, కొందరికి వైరాగ్యం వస్తుంది. ఆయనకి కార్డు వచ్చింది. బీపీకైతే నేను పనిచేసే మందుల షాపులో బిళ్ళలున్నాయి. కార్డుకి లేవు.

బావ అంటే మా అక్క మొగుడు. లిఫ్టు మెకానిక్కు. భుజాన గుడ్డసంచి, అందులో స్పానర్లు, గ్రీజు డబ్బా, ఓ పాత టార్చిలైటు. లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "మూడో అంతస్తు దగ్గర మూలుగుతోంది" అంటాడు. వెళ్ళి చూస్తే అక్కడే ఏదో అరిగి ఉంటుంది. అంత పనిమంతుడు. అప్పు అంటే మాత్రం ఆమడ దూరం పరిగెత్తేవాడు. పక్కింటివాళ్ళ దగ్గర చెంచాడు కాఫీపొడి తెచ్చుకున్నా, తిరిగిచ్చేదాకా ఆయనకి నిద్ర పట్టేది కాదు.

అలాంటి మనిషికి కార్డు ఎలా అంటుకుందంటే, ఓ రోజు బ్యాంకులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల కార్డుల విభాగం అమ్మాయి ఒక్కతే ఇరుక్కుంది. బావ వెళ్ళేసరికి లోపలినుంచి ఏడుపు వినిపిస్తోంది.

"భయపడకమ్మా, ఇరవై నిమిషాల్లో తీసేస్తాను. ఈలోపు ఏదైనా మాట్లాడుతూ ఉండు. నీకు బాగా తెలిసిందేదైనా చెప్పు" అన్నాడు బావ.

ఆ అమ్మాయికి బాగా తెలిసింది ఒకటే. తలుపు సందులోంచే మొదలుపెట్టింది. వంద ఖర్చు పెడితే ఒక పాయింటు. బుధవారం సరుకులు కొంటే రెండు. మందులకి మూడు. హోటల్లో భోంచేస్తే ఏకంగా పది. పాయింట్లు పోగేస్తే మిక్సీలు, సూట్‌కేసులు, విమానం టిక్కెట్లు. నెల తిరగ్గానే మొత్తం కట్టేస్తే వడ్డీ అన్న మాటే లేదు. తలుపు తెరుచుకునేసరికి ఆ అమ్మాయికి భయం పోయింది, మా బావకి మతి పోయింది. బయటికొస్తూనే ఆమె కన్నీళ్ళు తుడుచుకుని దరఖాస్తు చేతిలో పెట్టింది. ఈయన గ్రీజు వేలితోనే సంతకం చేశాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో వారానికి ఒకటే రోజు, బుధవారం. మంగళవారం పంచదార అయిపోతే చప్పటి టీ తాగాల్సిందే. సబ్బు ఆదివారం అరిగిపోతే బుధవారం దాకా ఆ తునకనే నలుగురూ... నలుగురని ఎందుకన్నానంటే, బావ, అక్క, మా మేనకోడలు కాక భోజనాల వేళకి నేను కూడా ఉంటాను కాబట్టి.

ఒక సాయంత్రం మా షాపుకి వచ్చి పది డబ్బాల దూది, పాతిక కట్ల గుడ్డలు, అరడజను అయోడిన్ సీసాలు ఇమ్మన్నాడు.

"ఇంట్లో ఎవరికి బావా దెబ్బలు తగిలాయి?" అన్నాను కంగారుగా.

"ఇంకా తగల్లేదురా. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పడకపోతారా? మూడు పాయింట్లు కదా, ముందే కొని పెట్టుకుంటే పోలా?"

ఇంకో జబ్బు కూడా మొదలైంది. నలుగురు కలిసి ఏదైనా కొన్నప్పుడు మా బావ దానకర్ణుడిలా లేచి, "ఆగండాగండి, నేను కడతాను" అని అందరి చేతులూ వెనక్కి నెట్టి కార్డు గీకేవాడు. మొదటి వారం ఆయన ఉదారత గురించి లిఫ్టు కంపెనీ అంతా చెప్పుకుంది. రెండో వారం, గీకిన చెయ్యే వెనక్కి తిరిగి అరచెయ్యి చాపి వాటాలు వసూలు చేస్తుందని తెలిసింది. నా కరెంటు బిల్లు కూడా ఆయనే కట్టి నా దగ్గర నగదు తీసుకునేవాడు. వచ్చిన ప్రతి కాణీనీ ఇనప్పెట్టెలో వేసి, నెలాఖరుకి ఒకరోజు ముందే తీసుకెళ్ళి బ్యాంకులో కట్టేసేవాడు. వడ్డీ మాత్రం ఒక్క నెలా పడనివ్వలేదు. అందరూ ఆయన్ని పాయింట్లాయన అనడం మొదలుపెట్టారు. అది పొగడ్త అనుకున్నాడు.

ఒక్క హోటల్ భోజనం దగ్గరే ఆయన పప్పులు ఉడకలేదు. "పది పాయింట్ల కోసం హోటల్లో వంద తగలేస్తే, ఇంట్లో మీ అక్క నన్ను తగలేస్తుంది" అనేవాడు. అక్క రోజూ పొద్దున్నే లేచి నాలుగు గిన్నెల క్యారియర్ సర్ది పంపుతుంది. దాన్ని కాదని బయట తినే దమ్ము ఆయనకి లేదు.

ఇంతకీ ఈ పాయింట్లు ఎందుకని అడిగితే మొదట్లో "ఉండనీ, పడుంటాయి" అనేవాడు. తర్వాత ఒక సంగతి జరిగింది.

మా అక్క ఒక బడి ఆఫీసులో గుమాస్తా. మధ్యాహ్నం పూట టీచర్లతో కలిసి తింటుంది. సెలవులైపోయి బళ్ళు తెరిచాక ఆ గదిలో విమానాల కబుర్లే. రెక్క పక్క సీటు మంచిదా, ముందు సీటు మంచిదా, మబ్బుల్లోంచి వెళ్ళేటప్పుడు చెవులు దిబ్బళ్ళు వేస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి. అక్క తలొంచుకుని తినేది. ఒకరోజు ఎవరో, "మీరెప్పుడైనా ఎక్కారా?" అని నేరుగా అడిగేసరికి, "ఎందుకెక్కలేదూ, కిటికీ సీటు" అనేసింది. ఎక్కడికి అంటే, "చాలా కాలమైంది లెండి" అని గిన్నె కడుక్కోవడానికి లేచిపోయిందట. ఆ సాయంత్రం అదే బడిలో చదువుకున్న మా మేనకోడలికి వాళ్ళ పాత టీచరు కనిపించి, "మీ అమ్మ విమానం ఎక్కిందటగా, ఎప్పుడూ చెప్పలేదే?" అంది. పిల్ల ఇంటికొచ్చి అమ్మని ఏమీ అనలేదు. నాన్నకి చెప్పింది.

బావ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదట. మర్నాడు నా దగ్గరికొచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళ కాపురంరా. దాని చేత అబద్ధం ఆడించాను."

"నువ్వేం ఆడించలేదు బావా, అక్కే ఆడింది."

"ఎక్కించి ఉంటే ఆడేదా? సముద్రం ఉన్న ఊరికి ఇద్దరికీ రానూపోనూ ముప్ఫై రెండు వేల పాయింట్లు. నా దగ్గర తొమ్మిది వందలున్నాయి. దూది కొనుక్కుంటూ పోతే నాకు ఎనభయ్యో ఏట వస్తాయి."

నవ్వొచ్చింది గాని ఆయన మొహం చూసి మింగేశాను.

అదృష్టం ఎప్పుడు ఏ రూపంలో వస్తుందో చెప్పలేం. మా బావకి పంక్చరు రూపంలో వచ్చింది. ఆయన మోపెడ్ వెనక టైరు మా వీధి చివర ఢామ్మని పేలింది. అక్కడే టైర్ల కొట్టు. మార్పించి, కార్డు గీకి, బండి ఎక్కబోతుంటే ఫోన్లో మెసేజ్ మోగింది. 'తృప్తి భోజనశాలలో మీ కార్డుపై 1,800 ఖర్చయింది. మీకు 180 పాయింట్లు లభించాయి. భోజనం రుచించిందని ఆశిస్తున్నాం.'

బావ బండి స్టాండు వేసి వెనక్కి వచ్చాడు.

"ఏమయ్యా, ఇది భోజనశాలా?"

టైర్లాయన బక్కపల్చటి మనిషి. ముక్కు మీద మసి, మొహంలో ఎప్పుడూ ఎవరో తిట్టబోతున్నారన్న దిగులు. "ఒకప్పుడు సార్. ఇక్కడే ఎనిమిది నెలలు హోటల్ నడిపాను. నాకు వంట రాదు, నేను పెట్టుకున్న వంటమనిషికి అంతకన్నా రాదు. మూసేసి టైర్లు పెట్టుకున్నాను. కార్డు గీకే మెషిన్ మాత్రం అదే."

"బ్యాంకుకి చెప్పలేదా?"

"రెండుసార్లు ఉత్తరం రాశాను సార్. రెండుసార్లూ 'మీ భోజనశాల మరింత అభివృద్ధి చెందాలని కోరుకుంటున్నాం' అని జవాబొచ్చింది."

బావ ఆ కొట్టుని పైనుంచి కిందికి చూశాడు. టైర్లు తాటిచెట్టంత ఎత్తున వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఆయన కంటికి ఫలహారంలా కనిపించిందంటే నమ్మండి.

ఆ రోజునుంచి ఆయన లిఫ్టులు చూడటానికి వెళ్ళిన ప్రతి మేడలోనూ ముందు కింద కార్లు పెట్టే చోటికి దిగేవాడు. టార్చిలైటు వేసి టైర్లు చూసేవాడు. గోరు పెట్టి గాడి లోతు కొలిచేవాడు. అరిగిన బండి కనిపిస్తే అద్దం మీద చీటీ: 'మీ వెనక కుడి టైరు మీ మీదే నమ్మకం పెట్టుకుంది. మీరు దాని మీద పెట్టుకోకండి.' కింద ఫోన్ నంబరు. జనం భయపడి ఫోన్ చేసేవారు. ఈయన వాళ్ళని వెంటబెట్టుకుని టైర్ల కొట్టుకి తీసుకెళ్ళి, బేరమాడి నాలుగు డబ్బులు తగ్గించి, తన కార్డు గీకి వాళ్ళ దగ్గర నగదు పుచ్చుకునేవాడు. ఎవరికీ నష్టం లేదు. నిజంగానే అరిగిన టైర్లే మార్పించాడు, ఒక్క నా స్కూటరు విషయంలో తప్ప. దాని టైర్లకి ఇంకా ఆరు నెలల ఆయుష్షుంది.

"బావా, ఇవి బానే ఉన్నాయి కదా?"

"మీ అక్క బావుండాలా, నీ టైర్లు బావుండాలా?"

మార్చుకున్నాను. ఈ వ్యవహారం అక్కకి తెలియకూడదని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. టిక్కెట్లు చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని ఆయన కోరిక.

రెండు నెలలు గడిచాయి. టైర్లాయన మొహంలో దిగులు పోయి కొంచెం కండ కూడా పట్టింది. బావ పాయింట్లు ముప్ఫై ఒక్క వేల నాలుగు వందలకి చేరాయి. ఇంకో ఆరు వందలు వస్తే చాలు. లిఫ్టు కంపెనీ వ్యానుకి రెండు టైర్లు మార్చడానికి మేనేజర్ని ఒప్పించాడు కూడా. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ముహూర్తం.

ఆ ముందురోజే ఆయన ఫోన్ ఇంట్లో మరిచిపోయి పనికి వెళ్ళాడు. ఆదివారం కాబట్టి అక్క ఇంట్లోనే ఉంది. ఫోన్ మోగితే తీసింది. కార్డుల విభాగం అమ్మాయి. బ్యాంకుకి సెలవైనా, అనుమానం వచ్చిన కార్డుల సంగతి చూడటానికి ఆమె వంతు వచ్చిందట.

"నమస్తే అండీ, సార్ ఉన్నారా? ఏం లేదు, సార్ కార్డు ఎవరైనా కొట్టేశారేమోనని చిన్న అనుమానం."

"కార్డు ఆయన జేబులోనే ఉందమ్మా. ఏం?"

"అయితే ఫరవాలేదండీ. తృప్తి భోజనశాలలో రెండు నెలల్లో నలభై ఆరుసార్లు భోంచేశారు. మొన్న ఒక్కపూటే ఇరవై వేలకి తిన్నారు. అందుకని కనుక్కుంటున్నాను."

అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదట. మా అక్క మాట్లాడకపోవడం అంటే, కుక్కర్ కూత వెయ్యడం మానేసినట్టు. దగ్గర నిలబడకూడదు.

ఆ అమ్మాయికి అదేం తెలుసు? హుషారుగా అడిగింది. "అంత బావుంటుందా అండీ అక్కడ? రేపు మా ఆఫీసులో ఒకావిడ బదిలీ మీద వెళ్తోంది. మధ్యాహ్నం అక్కడికే భోజనానికి తీసుకెళ్దామా అనుకుంటున్నాం."

"తీసుకెళ్ళమ్మా" అంది అక్క. "ఎన్నింటికి?"

"పన్నెండున్నరకి."

"నేనూ వస్తాను."

వెంటనే నాకు ఫోన్. "ఒరేయ్, నా వంటకేం రోగం వచ్చింది?"

"ఏం రాలేదక్కా."

"మరి మీ బావ నలభై ఆరుసార్లు హోటల్లో ఎందుకు తిన్నాడు? ఇంటి నుంచి పంపింది ఎవరికి పోస్తున్నాడు? రేపు పన్నెండున్నరకి నువ్వు కూడా రా. క్యారియర్ తెస్తున్నాను. ఆ హోటల్ భోజనం, నా భోజనం పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆయనకి ఒక్క ముక్క చెప్పావో, ఈ ఇంట్లో నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు."

ఒకవైపు బావకి వేసిన ఒట్టు, ఇంకోవైపు అక్క పెట్టే భోజనం. నేను భోజనం వైపు నిలబడ్డాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అక్క మాట దాటే ధైర్యం నాకు పుట్టుకతోనే రాలేదు.

సోమవారం అక్క సగం పూట సెలవు పెట్టింది. నేను వెళ్ళేసరికి వీధి మూల మీద చేతిలో క్యారియర్‌తో నిలబడి ఉంది. మామూలుది కాదు, బంధువులొచ్చినప్పుడు తీసే ఏడు గిన్నెలది. కొట్టు లోపల వ్యాను జాకీ మీద లేపి ఉంది. బావ నేల మీద బాసింపట్టు వేసుకుని కొత్త టైరుని మురిపెంగా నిమురుతున్నాడు. మమ్మల్నింకా చూడలేదు.

ఇంతలో ఆటో ఆగింది. కార్డుల విభాగం అమ్మాయి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. అందరూ నీటుగా తయారై ఉన్నారు. బదిలీ అయినావిడ చేతిలో పూలగుత్తి కూడా ఉంది. ఫోన్లో మ్యాపు చూసుకుంటూ, కొట్టుని చూస్తూ, మళ్ళీ మ్యాపు చూసుకుంటూ లోపలికొచ్చారు. టైర్లాయన చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళాడు.

"నలుగురం ఉన్నాం" అంది అమ్మాయి.

"నాలుగూ మార్చాలాండీ?"

"మార్చడమేంటండీ? కూర్చోడానికి ఎక్కడ?"

"కూర్చోనక్కర్లేదండీ, బండి పెట్టేసి వెళ్ళిపోండి. సాయంత్రానికి ఇచ్చేస్తాను. ఏ సైజు?"

"ఇది తృప్తి భోజనశాలే కదా?"

టైర్లాయన మొహంలోకి పాత దిగులు ఒక్కసారిగా తిరిగొచ్చింది. బావ వైపు చూశాడు. బావ తలెత్తి బ్యాంకు అమ్మాయిని చూశాడు. ఆమె వెనక నన్ను చూశాడు. నా వెనక అక్కని, అక్క చేతిలో ఏడు గిన్నెల క్యారియర్ని చూశాడు. చేతిలో టైరు జారి దొర్లుకుంటూ వెళ్ళి పూలగుత్తి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

"ఏమండీ, భోజనమయిందా?" అంది అక్క.

"ఇంకా... ఇప్పుడే వడ్డిస్తున్నారు" అన్నాడు పాపం. ఆ క్షణంలో ఆయన నోట్లోంచి వచ్చింది అదే.

అక్క కొట్టంతా కలియజూసింది. జాకీ, గాలి కొట్టే మిషను, గోడన వేలాడే ట్యూబులు, రబ్బరు వాసన. గిన్నె గాని, గరిటె గాని లేవు. ఆమె కోపం ఎటు వెళ్ళాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. "ఇక్కడ ఇరవై వేలకి ఏం తిన్నారండీ మీరు?"

ఇక దాచడం కుదరక బావ మొత్తం చెప్పేశాడు. మెషిన్ సంగతి, పది పాయింట్ల సంగతి, చీటీల సంగతి. నా స్కూటరు టైర్ల సంగతి కూడా చెప్పి నన్నూ లాగాడు. బ్యాంకు అమ్మాయి నోరు తెరుచుకుని వింది. ఆమె పక్కావిడ నవ్వు ఆపుకోలేక పూలగుత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇదంతా ఎందుకండీ? ఏం కొనాలని?" అంది అక్క.

బావ నేల చూపులు చూశాడు. "కిటికీ సీటు" అన్నాడు.

అక్క మొహం ఎర్రబడింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మా ముగ్గురికి తప్ప. ఆమె గబగబా క్యారియర్ కింద పెట్టి, గిన్నెలు విడదీయడం మొదలెట్టింది. "సరే, సరే. పాపం వీళ్ళు భోజనానికని వచ్చారు. నిలబెట్టి మాట్లాడతారేంటి? ఏదైనా వేసి కూర్చోబెట్టండి."

టైర్లాయన లారీ టైర్లు నాలుగు దొర్లించుకొచ్చి గుండ్రంగా పడేశాడు. మధ్యలో రెండు పేర్చి పైన అట్టముక్క వేస్తే బల్ల అయింది. రొట్టెలు, రెండు కూరలు, ఉడికించిన గుడ్లు, పెరుగు. ఎనిమిది మందిమి తిన్నాం. బదిలీ ఆవిడ మూడు రొట్టెలు తిని, "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత మంచి వీడ్కోలు చూడలేదు" అంది. టైర్లాయన రొట్టె చేత్తో పట్టుకుని, "ఇలాంటి వంట ఆ రోజుల్లో దొరికుంటే ఈ మసి నాకెందుకు?" అని ముక్కు చీదాడు. బావ ఒక మూల కూర్చుని, ఆకలి లేదంటూనే నాలుగు గుడ్లు తిన్నాడు.

చేతులు కడుక్కున్నాక బ్యాంకు అమ్మాయి గొంతు సవరించుకుంది. "సార్, నేను ఇది పైకి రాయక తప్పదు. పాయింట్లు పోతాయేమో."

"రాయమ్మా. నేనెవరినీ మోసం చెయ్యలేదు. కానీ మీకు చెప్పి ఉండాల్సింది. అది తప్పే" అన్నాడు బావ.

ఆ సాయంత్రం నేనూ బావా కూర్చుని బ్యాంకుకి ఉత్తరం రాశాం. 'అయ్యా, నేను నలభై ఆరుసార్లు భోంచేసినట్టు మీ దగ్గర ఉంది. ఒక్కసారి కూడా తినలేదని మనవి' అని మొదలుపెట్టించాడు. టైర్లాయన తన రెండు పాత ఉత్తరాల నకళ్ళు, బ్యాంకు పంపిన రెండు దీవెనలూ జతచేశాడు. పదిహేను రోజులకి జవాబొచ్చింది. మెషిన్ పొరపాటు బ్యాంకుది, ఆ సంగతి తెలిసీ వాడుకోవడం ఖాతాదారుది, కాబట్టి ఆ మెషిన్ మీద వచ్చిన పాయింట్లలో సగం రద్దు, సగం ఉంచుతున్నాం అని. మెషిన్ కూడా మారింది. ఇప్పుడు టైర్లకి టైర్ల పాయింట్లే వస్తాయి, అంటే దాదాపు ఏమీ రావు.

పదహారు వేల చిల్లర మిగిలింది. సముద్రం ఎండిపోయింది. మా మేనకోడలు ఫోన్లో వెతికి వెతికి చెప్పింది. "నాన్నా, టిక్కెట్లకి పాయింట్లు పెంచేశారు. ఇప్పుడివి ఇద్దరికీ వెళ్ళడానికి మాత్రమే వస్తాయి. అది కూడా ఒకే ఊరికి. ముప్ఫై అయిదు నిమిషాల ప్రయాణం."

"ఆ ఊళ్ళో మనకి ఎవరున్నారు?" అంది అక్క.

"ఎవరూ లేరు. పాయింట్లు అంతవరకే వస్తాయి" అన్నాడు బావ.

"తిరిగి రావడం?"

"బస్సు. కొండదారి, తొమ్మిది గంటలు."

అక్క ఆలోచించింది. "బడిలో చెప్పుకోడానికి కూడా లేదు. ఎప్పుడో ఎక్కేశానని చెప్పాను కదా" అంది. తర్వాత కొత్త చెప్పులు కొనుక్కుంది.

తెల్లవారుజామున వెళ్ళే విమానం. ప్రయాణం ఎలా జరిగిందో నాకు ఇద్దరూ విడివిడిగా చెప్పారు. రెండు కథలూ కలవవు. బావ చెప్పిందాని ప్రకారం విమానం తలుపు మూస్తుంటే ఎక్కడో బేరింగు మూలిగింది, ఆ సంగతి ఆయన విమానంలో పనిచేసే అమ్మాయికి ఎంతో మర్యాదగా చెప్పాడు. అక్క చెప్పిందాని ప్రకారం ఆయన లేచి గోడకి చెవి ఆనించాడు, వెనక సీట్లవాళ్ళు భయపడ్డారు, తనే చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. కిటికీ లోంచి ఏం కనిపించిందక్కా అంటే చెప్పుకొచ్చింది. "ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయిరా. ఏది గొప్పవాళ్ళదో ఏది కాదో తెలియలేదు. మబ్బులైతే అంతా తెలుపే. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. భయమేస్తోందా అంటే, నీకేస్తుందేమోనని అన్నాడు. అరచెయ్యంతా చెమట."

దిగాక ఆ ఊళ్ళో వాళ్ళకి ఆరు గంటలు ఖాళీ. ఆటో డ్రైవర్ని ఇక్కడ చూడాల్సినవేమున్నాయని అడిగితే, అతను తల గోక్కుని చాలాసేపు ఆలోచించాడట. "కొత్త వంతెన కడుతున్నారండీ. ఇంకా పూర్తవలేదు."

"పదండి, అదే చూద్దాం" అంది అక్క.

వంతెన నది మధ్యదాకా వచ్చి ఆగిపోయి ఉంది. అవతలి ఒడ్డు నుంచి రావాల్సిన సగం ఇంకా మొదలే కాలేదు. అక్కడ ఒక కాపలా ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళలో చూడటానికి వచ్చినవాళ్ళు వీళ్ళేనట. ఆనందం పట్టలేక, ఎక్కడ కాంక్రీటు పోశారో, ఎక్కడ వరదకి కొట్టుకుపోయిందో అన్నీ దగ్గరుండి చూపించాడు. వంతెన అంచుదాకా నడిపించి తీసుకెళ్ళాడు. వేయించిన వేరుశెనగలు పెట్టాడు. అక్కా బావా అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, కింద నీళ్ళు చూస్తూ అవి తిన్నారు. ఇద్దరూ కలిసి పని లేకుండా ఒకచోట కూర్చోవడం ఎన్నేళ్ళయిందో గుర్తు రాలేదంది అక్క.

"పూర్తయ్యాక మళ్ళీ వద్దామండీ. అవతలి ఒడ్డుదాకా నడుద్దాం" అందట.

"అప్పటికి పాయింట్లు..." అని బావ మొదలెట్టాడు.

"బస్సులో వద్దాం" అంది అక్క.

బస్సులో తొమ్మిది గంటలూ ఆయన భుజం మీద నిద్రపోయింది. ఆయన కదల్లేదు. మూడు రోజులు మెడ పట్టేసి నా దగ్గరికి వచ్చి నొప్పి మందు రాయించుకున్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. వంతెన ఇంకా పూర్తి కాలేదు. కాపలా ముసలాయన ఫోన్ నంబరు అక్క రాసుకొచ్చింది. నెలకోసారి ఫోన్ చేసి, "బాబాయిగారూ, ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతుంది. ఆయన ఎన్ని స్తంభాలు లేచాయో లెక్క చెప్తాడు. మొన్న ఇంకోటి లేచిందట.